స్తంభమును గోడయు: వాని పొత్తు



నేడు మన పల్లెలలో పాఠశాల కట్టినను, పంచాయతీ కార్యాలయము కట్టినను, కాంక్రీటు స్తంభములు నిలిపి వానిపై దూలములు, శ్లాబు వేయుట వాడుక యైనది. ఆ స్తంభముల కొలతలను, వానిలో నుంచవలసిన ఇనుప ఊచల లెక్కను ఇంజనీర్లు కంప్యూటరు సాయమున తేల్చుచున్నారు. నేనును ఆ వృత్తిలోనివాడనే. స్తంభము ప్రక్కన గోడ యున్నపుడు ఆ లెక్కయందు వచ్చు చిక్కును గూర్చి నేడు మనవి చేసెదను. ఇది ఇంజనీర్ల గొడవ గదా, మాకేల యని మీరనుకొనవచ్చును. కాని ఆ గదులలో కూర్చుండి చదువుకొనువారు మీ మనుమలు. పని జరుగునపుడు దగ్గరనుండి చూచువారు మీరు.

మొదట కంప్యూటరు భవనము నెట్లు చూచునో చెప్పెదను. ఈ పనికి మన దేశమున విరివిగా వాడు సాధనములలో ఈటాబ్స్ అనునది యొకటి. అది అమెరికాలోని బర్క్లీ నగరమున 1970 తరువాతి దశకములో పుట్టినది. అందులో స్తంభము మన కంటికి కనబడునట్లు లావుగ నుండదు. ఒక గీతగా నుండును. దాని వెడల్పును మందమును అంకెలుగా ఆ గీతకు చేర్తుము. గాలిని, భూకంపమును తట్టుకొనుటకై పోయు కాంక్రీటు గోడ యొక పలుచని పలకగా నుండును. ఆ పలకను వల కన్నులవలె చిన్న చిన్న గడులుగా విభజింతుము. గీత చివరలను, గడుల మూలలను బిందువు లుండును. బలము స్తంభమునుండి గోడకు పోవలెనన్న ఆ రెంటికి ఉమ్మడి బిందువులు కావలెను, లేదా ప్రత్యేకముగ ముడి వేయవలెను. రెండెడ్లు ప్రక్క ప్రక్కన నిలిచినంత మాత్రమున బండి కదలదు. మెడలపై కాడి పడవలెను. ఇదియు నట్టిదే.

నేను చేసిన పొరపాటు నొకదానిని దాచక చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట ఒక అయిదంతస్తుల భవనమునకు లెక్క కట్టితిని. గోడ అంచున నున్న స్తంభపు వెడల్పు 450 మిల్లీమీటర్లు. దాని గీత నట్టనడుమ నుండును. నేను గోడను స్తంభపు అంచునుండి గీచితిని. కావున గీతకును గోడకును నడుమ 225 మిల్లీమీటర్ల ఎడము మిగిలెను. తెరపై స్తంభపు లావు చూపించుకొని చూచినపుడు రెండును అతికియే కనబడెను. కంప్యూటరు అడ్డు చెప్పలేదు. అడిగిన లెక్క చేసి యిచ్చెను.

అదృష్టవశమున, భవనము భూకంపమున ఊగు తీరును పెద్దది చేసి చూపు బొమ్మను ఆడించి చూచితిని. అంతస్తుల కడ శ్లాబు రెంటిని పట్టియుంచినను, నడుమ గోడ యొక తీరున, స్తంభ మొక తీరున వంగుచుండెను. అప్పుడు గుండె ఝల్లుమనెను. గోడను స్తంభపు గీతవరకు జరిపి, బిందువులను ఉమ్మడి చేసితిని. అట్లు జరిపినందున ఒకచోటి కాంక్రీటు బరువు రెండుమార్లు లెక్కకు వచ్చెను గాన దానిని గూడ సవరించితిని. నిజమున గోడ ఊగునపుడు దాని అంచు స్తంభమునకు ఒకమారు నొక్కుడు, ఒకమారు లాగుడు వచ్చును. ఆ లాగుడు నా మొదటి లెక్కలో ఇంచుమించు కనబడనే లేదు. ఆ లెక్క ప్రకారము ఊచలు వేసియున్న ఏమయ్యెడిదో తలచుకొనిన నేటికిని భయము కలుగును.

దీనికి విరుద్ధమైన తప్పు మరియొకటి కలదు. పొడవైన భవనమును రెండు భాగములుగ కట్టి, నడుమ సందు విడిచి, ఇరువైపుల జంట స్తంభములు నిలుపుదురు. ఎండకు సాగుటకును, భూమి కంపించినపుడు ఒకదాని నొకటి ఢీకొనకుండుటకును ఆ సందు. పని తేలిక కొరకు ఆ రెంటిని ఒకే స్తంభముగ గీచిన లెక్క చెడును. లెక్క సరిగ నున్నను, మేస్త్రి ఆ సందును సిమెంటుతోను ఇటుక ముక్కలతోను పూడ్చినచో ఫలము చెడును.

ఇక ఇటుక గోడ సంగతి. చాలమంది దానిని దూలముపై బరువుగ మాత్రమే లెక్కలో వ్రాయుదురు. కాని పాఠశాలలో కిటికీల క్రింద సగము ఎత్తు గోడ కట్టి స్తంభములకు బిగించిన, మూడు మీటర్ల స్తంభమునకు కదలుటకు ఒకటిన్నర మీటరే మిగులును. పొడవు సగమైన, దానిని అంతే దూరము వంచుటకు వలయు బలము రెండింతలు గాదు, ఎనిమిదింతలు. శ్లాబు అన్ని స్తంభములను ఒకే దూరము కదల్చును గనుక, ఆ పొట్టి స్తంభమే ఎక్కువ బలమును తనపైకి తెచ్చుకొని ముందుగ పగులును.

2001 జనవరి 26న గుజరాతులోని భుజ్ ప్రాంతమున భూకంపము వచ్చెను. రెండువందల కిలోమీటర్లకు పైగా దూరమున నున్న అహమ్మదాబాదులో సైతము బహుళ అంతస్తుల భవనములు కూలెను. వానిలో అనేకము పై అంతస్తులలో ఇటుక గోడలు నిండి, క్రింద బండ్లు నిలుపుటకై వట్టి స్తంభములతో నున్నవి. 2016 నాటి భారత ప్రమాణము 1893 ఇట్టి ఇటుక గోడల బిగువును గూడ లెక్కలోనికి తీసికొనవలెనని విధించినది.

మన సీమకు ఆ భయము లేదనుకొనరాదు. 1967లో ఒంగోలు ప్రాంతమునను, 1969లో భద్రాచల ప్రాంతమునను భూమి కంపించెను. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయమున ములుగు జిల్లాలో కంపించినది మీలో పలువురకు జ్ఞాపకముండును.

కావున మీ యూరిలో ప్రభుత్వ భవనము లేచునపుడు ఇంజనీరును మూడు మాటలు మర్యాదగ నడుగుడు. ఈ గోడను స్తంభముతో కలిపి లెక్కించితిరా, విడిగనా? విడిగ లెక్కించినచో నడుమ సందు విడుచుచున్నారా? సగము గోడలున్నచోట స్తంభమునకు అడుగునుండి పైవరకు రింగులు దగ్గరదగ్గరగ కట్టించుచున్నారా? పటములో లేని గోడను తరువాత మనము చేర్చదలచినను, ముందు వారితో చెప్పి చేర్చుట మేలు. అట్లడిగినందుకు మంచి యింజనీరెవ్వడును కోపగింపడు, నేనైతే సంతోషింతును.