ఇంటి యంత్రాల మధ్య సంభాషణ

పాటలనూ, చలనచిత్రాలనూ, పెళ్ళినాటి దృశ్యాలనూ ఒక యంత్రంలో భద్రపరచి, ముందుగదిలోని టెలివిజన్‌లో చూచే అలవాటు నేడు అనేక గృహాలలో ఏర్పడినది. దాచి ఉంచేది సర్వర్. తెచ్చి చూపేది మీడియా ప్లేయర్. ఈ రెంటికీ నడుమ తీగె వేసినంతమాత్రాన పని జరుగదు. ఒకటి అడిగినది రెండవదానికి బోధపడవలె. అట్టి మాటల కట్టుబాటునే ప్రోటోకాల్ అంటారు. ఇండ్లలో ప్రధానంగా వాడుకలో ఉన్నవి రెండు: ఎస్.ఎం.బి., ఎన్.ఎఫ్.ఎస్.

మొదటిది 1983లో ఐ.బి.ఎం. సంస్థలో బారీ ఫైగెన్‌బామ్ రూపొందించినది. విండోస్ యంత్రాలతోపాటు లోకమంతటా వ్యాపించినది. రెండవది 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు యూనిక్స్ యంత్రాలకై తెచ్చినది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ ప్రారంభించిన సాంబా మూలాన లినక్స్ యంత్రాలు కూడ మొదటి భాషను నేర్చినవి.

ఏది వేగమైనదని అడిగేవారే ఎక్కువ. ఇంటివరకు అది అంత పెద్ద ప్రశ్న కాదు. సాధారణమైన బ్లూరే చిత్రం సెకనుకు 54 మెగాబిట్లకు మించి కోరదు. 100 మెగాబిట్ల తీగె అందుకు చాలును. 4కె డిస్కులలో కొన్ని 128 వరకు పోగలవు. అప్పుడు మార్చవలసినది తీగెను, ప్రోటోకాల్‌ను కాదు. 2012లో వచ్చిన తొలి రాస్‌బెర్రీ పై వంటి దుర్బల యంత్రాలపై మాత్రం ఎన్.ఎఫ్.ఎస్. భారం తక్కువగా ఉండేది.

అసలు భేదం నమ్మకంలో ఉన్నది. ఎస్.ఎం.బి. సాధారణంగా పేరూ, సంకేతపదమూ అడిగి గాని లోనికి రానివ్వదు. ఇండ్లలో అమర్చుకొనే ఎన్.ఎఫ్.ఎస్. వచ్చినవాని చిరునామా చూచి, తానెవరో అతడు చెప్పిన మాటనే నమ్ముతుంది. నలుగురే ఉన్న ఇంట ఇది హాయి. వచ్చేపోయేవారి ఫోనులన్నీ అదే వైఫైలో చేరే ఇంట హాయి కాదు. అట్లని ఎస్.ఎం.బి. పేరు చెప్పి నిశ్చింతగా ఉండరాదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ విండోస్‌లోని దాని మొదటి రూపపు లోపం ఆధారంగానే దేశదేశాలకు ప్రాకినది. పాత ప్లేయర్‌కు ఆ రూపమొక్కటే తెలిసి ఉంటే, దానికోసం సర్వర్‌ను దిగజార్చవద్దు; ప్లేయర్‌నే మార్చండి.

తాతగారి కంఠం ఉన్న టేపు ఏనాడో పాడైపోయి, ఈ సర్వర్‌లోని ప్రతి ఒక్కటే మిగిలిన ఇండ్లున్నవి. ప్లేయర్‌కు చదివే పనియే గాని వ్రాసే పని లేదు. కనుక ఏ పద్ధతి ఎంచుకొన్నా, దానికి చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి. పిల్లవాడు రిమోట్‌పై ఏ మీట నొక్కినా ఆ కంఠం చెరగదు. క్రొత్తవి చేర్చే కంప్యూటర్‌కు వేరే పేరూ, వేరే సంకేతపదమూ ఉండవలె. ఈ ఏర్పాటు ఎస్.ఎం.బి.లో సులభం, విండోస్, లినక్స్ కలిసి ఉన్న ఇంటికి దాని రెండవ లేక మూడవ రూపమే నా సలహా.

అన్నీ లినక్స్ యంత్రాలే అయినచోట ఎన్.ఎఫ్.ఎస్. చక్కగా సరిపోతుంది. కోడీ వాడేవారు సర్వర్‌లో ‘ఇన్‌సెక్యూర్’ అనే మాట చేర్చవలసి రావచ్చును. పేరు భయపెట్టేదే గాని, 1024కు పైబడిన పోర్టులనుండి వచ్చే పిలుపును కూడ అంగీకరించుమని మాత్రమే దాని అర్థం.