అలసటకూ ఒక డ్యూటీ చార్ట్
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాదు. సుబేదారుగా రిటైరైన ఒక ఫౌజీ భార్యని. నోయిడాలో ఉంటాం. రొమ్ము క్యాన్సర్‌కి ఇరవై ఒక్క రోజులకొకటి చొప్పున ఎనిమిది కీమోలు తీసుకున్నాను. 2022లో మన దేశంలో సుమారు 1 లక్షా 92 వేల మంది స్త్రీలకి కొత్తగా ఈ జబ్బు వచ్చిందని అంతర్జాతీయ అంచనా. అందుచేత ఈ హాల్లో ఎవరో ఒకరింటికి నా అనుభవం పనికొస్తుందని ధైర్యం చేసి మైకు ముందుకొచ్చాను.

జుట్టు ఊడుతుంది, వాంతులవుతాయి అని బంధువులూ, ఇరుగుపొరుగూ అందరూ ముందే చెప్పారు. అలసట గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫౌజులో ‘ఫెటీగ్’ అంటే గడ్డి కోయడం, సామాన్లు మోయడం. ఆ అలసట ఒక రాత్రి పడుకుంటే తీరిపోతుంది. కీమో అలసట అలాంటిది కాదండీ. ఏ పనీ చెయ్యకుండానే వస్తుంది, పడుకున్నా పోదు. స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చుంటే కొండెక్కి దిగినట్టుండేది. పోనీ రాత్రి నిద్ర పడుతుందా అంటే అదీ లేదు.

మూడో కీమో తర్వాత వరసగా మూడు రాత్రులు కన్ను మూతపడలేదు. “ఇక నా వల్ల కాదండీ, ఆపేద్దాం” అన్నాను మా వారితో. ఆయన వాదించలేదు. ఒక నోటు పుస్తకం తెచ్చి గార్డ్ రిజిస్టరులా గళ్ళు గీశారు. ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నిసార్లు లేచాను, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నాను, పగలు ఎంతసేపు పడుకున్నాను, అలసట పదికి ఎంత అని రోజూ రాసేవారు. తర్వాతిసారి వెళ్ళినప్పుడు ఆ పుస్తకమే డాక్టరుగారి ముందు పెట్టాం. ఆవిడ రెండు పేజీలు తిప్పి మూడు సంగతులు పట్టుకున్నారు.

మొదటిది, వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథాసోన్ మాత్ర. అది స్టెరాయిడ్, నిద్రని చెడగొడుతుంది. నాకు నిద్ర పట్టనివి సరిగ్గా ఆ మాత్ర వేసుకున్న రాత్రులే. రెండో మోతాదుని ఆవిడ మధ్యాహ్నానికి మార్చారు. మీ అంతట మీరు మాత్రం ఏ మందూ మార్చకండి, మానకండి. అడగండి చాలు. రెండోది రక్తం. హిమోగ్లోబిన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, నొప్పి ఉన్నా, మనసులో దిగులున్నా అలసట పెరుగుతుంది. వీటన్నిటికీ వైద్యం ఉంది. మూడోది, నేను పగలు మూడేసి గంటలు పడుకోవడం.

ఆ రోజు నుంచి మా ఇంట్లో డ్యూటీ చార్ట్ మొదలైంది. రాత్రి నిద్ర పట్టినా పట్టకపోయినా ఉదయం ఆరింటికి లేవడమే. మా వారు “రోల్ కాల్!” అని పిలిచేవారు. పగటి కునుకు అరగంట, అదీ మూడు గంటల లోపే. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ బంద్. మంచం మీద టీవీ, ఫోను లేవు. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి ముందు గదిలో చిన్న దీపం వెలుతురులో కూర్చుని, కళ్ళు బరువెక్కాకే మళ్ళీ మంచమెక్కడం. నిద్రలేమికి మాత్రలు లేకుండా చేసే ‘కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ’లో ఉన్నవీ చాలావరకు ఇలాంటి పద్ధతులేనని కౌన్సెలర్ చెప్పారు. ఒక్కరోజులో ఫలితం రాదు. నాకు మూడు వారాలు పట్టింది.

ఊరి నుంచి సాయానికి వచ్చిన మా వదిన “కాలు కింద పెట్టకు తల్లీ” అనేది. ఆవిడ ప్రేమ అది. కానీ రోజంతా పడుకుంటే ఒంట్లో శక్తి ఇంకా తగ్గుతుంది. కీమో రోజుల్లో ఒంటికి తగిన నడక అలసటని తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. డాక్టరుగారిని అడిగి పది నిమిషాలతో మొదలుపెట్టాను. ఎండాకాలం తెల్లవారుజామున, నవంబరు పొగమంచులో, ఆ పాడు గాలిలో, ఇంట్లోనే హాలు నుంచి వంటింటికి నడిచాను.

ఉన్న కాస్త శక్తినీ రేషన్‌లా పంచుకున్నాను. నాకు బాగుండే సమయం ఉదయం పది నుంచి పదకొండు. ఆ గంట మనవడికి తెలుగు అక్షరాలు దిద్దించడానికి. వంట వదినది, బజారు మా వారిది. రక్త పరీక్షలకి బయలుదేరినప్పుడు, మాస్కు కట్టుకుని, రద్దీ లేని వేళ చూసుకుని మెట్రోలో వెళ్ళేవాళ్ళం. పింక్ లైన్‌లో ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్’ అని మన తెలుగావిడ పేరు వినబడితే ఎందుకో ఓపిక వచ్చినట్టుండేది.

ఒక హెచ్చరిక. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, చలి పుట్టి వణికితే, ఆయాసం గానీ గుండె నొప్పి గానీ వస్తే అది అలసట అనుకుని పడుకోకండి. అర్ధరాత్రైనా ఆస్పత్రికి వెళ్ళండి. తెల్ల రక్తకణాలు పడిపోయినప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. నిద్రమాత్రలు, ఆకు మందులు కూడా డాక్టరుకి తెలియకుండా వద్దు.

ఎం.ఐ. రూములో గానీ, 2003 నుంచి మనకున్న ఈ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్‌లో గానీ “నిద్ర పట్టట్లేదు” అని చెప్పడానికి మొహమాటపడకండి. అదీ జబ్బులో భాగమే.

సోదరులకి ఒక మనవి. రాత్రి రెండింటికి మీ ఆవిడ లేచి కూర్చుంటే “పడుకో, పడుకో” అని తొందరపెట్టకండి. మీరు సెంట్రీ డ్యూటీలో ఎన్ని రాత్రులు మేలుకోలేదు! కాసేపు పక్కన కూర్చోండి, మాట్లాడకపోయినా ఫరవాలేదు. “ఊరికే పడుకుంటోంది” అనే మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానీయకండి.

ఎనిమిదో కీమో అయిన మర్నాడే అలసట మాయం కాలేదు. కొన్ని నెలలు పట్టింది. చికిత్స మాత్రం మధ్యలో ఆపలేదు. ఆపేద్దామన్న రోజు మా వారు గళ్ళు గీసిన పుస్తకం ఇంకా ఇంట్లోనే ఉంది. మీలో ఎవరికి కావాలన్నా ఆ గళ్ళు ఎలా గీయాలో చూపిస్తాను, నిస్సంకోచంగా అడగండి.

 జై హింద్.