పట్టభద్రులూ, పేట పిల్లలూ

పదునాలుగేండ్ల బాలుడు ఉన్నట్టుండి బడికి వెళ్లనంటాడు. పదహారేండ్ల బాలిక కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టదు. ఏమయిందని అడిగితే ఏమీ లేదంటుంది. ఇంటివారు చెడు సావాసమంటారు, పొరుగువారు పెంపకమంటారు. మా యువజన కార్యక్రమాలకు వచ్చే ఉత్తరాలలో ప్రశ్న పాఠాల గురించి, పరీక్షల గురించి మొదలవుతుంది. అసలు సంగతి చివరి రెండు పంక్తులలో, సంతకానికి పైన, ఎవరూ చూడరన్నట్లుగా వ్రాసి ఉంటుంది.

ఈ వయస్సు పిల్లల మనఃస్థితిని, నడవడిని గురించి విశ్వవిద్యాలయాలలో పై చదువులు చదివేవారు అనేకులున్నారు. వారు ఆ విద్యను ఎక్కడ నేర్చుకోవాలి? నేర్పిన పిల్లలకు బదులుగా ఏమి ఇవ్వాలి? ఈ ప్రసంగంలో మేము విచారించదలచినది ఇదే. సేవ చేస్తూ నేర్చుకొనే ఈ పద్ధతికి 'సర్వీస్ లెర్నింగ్' అన్న పేరు అమెరికాలో 1960ల చివరి భాగంలో వాడుకకు వచ్చింది. పని మాత్రం పేరు కంటె చాలా పాతది. దానిని షికాగో నగరంలో చూడటం మంచిది. అక్కడ అది నాలుగైదు దశాబ్దాల పాటు ఒకే పట్టుగా సాగింది, దాని గుణదోషాలు రెండూ మనకు కనిపిస్తాయి.

1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు విద్యావతులు షికాగో పడమటి భాగంలో, హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత భవనం తీసుకుని కాపురం పెట్టారు. దాని పేరు హల్ హౌస్. చుట్టూ ఇటలీ నుంచి, బొహీమియా నుంచి, రష్యా నుంచి, ఐర్లండు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కుటుంబాలు. హల్ హౌస్‌లో వచ్చి చేరిన యువతులలో చాలామంది కళాశాల చదువు ముగించినవారే. ఆ కాలంలో స్త్రీకి పట్టం ఇవ్వటానికి విద్యాలయాలు ఒప్పుకున్నాయి గాని, ఆ పట్టంతో ఆమె చేయదగిన పని ఏమిటో ఎవరూ చెప్పలేదు. వారు తల్లులు పనికి పోయినప్పుడు శిశువులను చూచుకున్నారు, సాయంకాలం తరగతులు నడిపారు, బాలబాలికలకు క్లబ్బులు పెట్టారు. ఆ పరిచయం మీదనే ఇంటింటి వివరాలు సేకరించి, ఏ ఇంటివారు ఏ దేశంవారో, వారానికి ఎంత సంపాదిస్తారో రంగులతో చూపే పటాలు గీచి 1895లో పుస్తకంగా ప్రకటించారు.

పటాలు గీచి ఊరుకొని ఉంటే వారిని ఇక్కడ తలచుకోవలసిన పని లేదు. తప్పు చేసిన పిల్లలను పెద్ద నేరస్థులతో పాటు జైళ్లలో ఉంచటం చూచి, హల్ హౌస్ నివాసినులు, వారిలో ముఖ్యంగా జూలియా లాత్రోప్, ఇతర మహిళా సంఘాలతో కలిసి పోరాడారు. 1899 జూలైలో షికాగోలో బాలల న్యాయస్థానం ఏర్పడింది. పిల్లలను ఇంటి వద్దనే ఉంచి పర్యవేక్షించే ప్రొబేషన్ ఆఫీసర్లను చట్టం అనుమతించింది కాని, వారికి జీతం ఇవ్వటానికి ఒప్పుకోలేదు. జీతాలు చందాల మీద నడిచాయి. మొదటి ప్రొబేషన్ ఆఫీసరు ఆల్జినా స్టీవెన్స్ హల్ హౌస్‌లో నివసించిన మనిషే.

న్యాయస్థానం వచ్చిన తరువాత మరొక చిక్కు వచ్చింది. ఒకే పిల్లవాడు మళ్లీ మళ్లీ న్యాయమూర్తి ముందుకు వస్తున్నాడు. ఎందుకు? దీనికి జవాబు వెదకటానికి 1909లో విలియం హీలీ అనే వైద్యుని ఆధ్వర్యంలో ఒక పరిశోధనాలయం స్థాపించారు. ఆయన వేయిమంది బాలబాలికలను ఒక్కొక్కరినే పరీక్షించి 1915లో గ్రంథం వ్రాశాడు. నేరప్రవృత్తికి ఒకే మూలం ఉంటుందని నమ్మినవారికి ఆ గ్రంథం ఆశాభంగం కలిగించింది; ప్రతి పిల్లవాని కథలోనూ అనేక కారణాలు పెనవేసుకొని ఉన్నాయని ఆయన తేల్చాడు. జేన్ ఆడమ్స్ అదే 1909లో నగర యువజనులను గురించి ఒక పుస్తకం వ్రాసి, రైలు పట్టాల ప్రక్క మంటలు వేయటం, నడిచే రైలు మీద రాళ్లు రువ్వటం వంటి అభియోగాల పట్టిక అందులో చేర్చింది. ఆమె చూపు వేరు. ఆడుకొనే చోటు లేని పిల్లలకు సాహసం చేయాలన్న కోరిక పుడితే, వీధిలో దానికి దొరికే దారి అదే అని ఆమె భావం.

ఇక్కడ క్లిఫర్డ్ షా కథ కొంత విపులంగా చెప్పాలి. ఇతడు ఇండియానా రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టి, షికాగో విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రం చదవటానికి వచ్చాడు. చదువుకొనే రోజులలోనే పేదల పేటలోని సేవాగృహంలో నివసించాడు, ప్రొబేషన్ ఆఫీసరుగా పనిచేశాడు. తరువాత హీలీ నెలకొల్పిన సంస్థలోనే హెన్రీ మెకే అనే సహచరునితో కలిసి, న్యాయస్థానానికి వచ్చిన పిల్లల ఇండ్లను నగర పటం మీద చుక్కలుగా గుర్తించాడు. నగర మధ్యానికి, కర్మాగారాలకు దగ్గరలో చుక్కలు దట్టంగా ఉన్నాయి. దూరం పోయినకొద్దీ పలచబడ్డాయి. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. విశేషమేమంటే, ఆ పేటలలో కాపురమున్న జాతులు మారాయి. జర్మన్లు, ఐరిష్ వారు మంచి పేటలకు తరలిపోగా ఇటలీవారు, పోలండువారు వచ్చారు. జనం మారినా చుక్కలు మారలేదు. తరలిపోయినవారి పిల్లల నడవడి కూడ కొత్త పేటలో తక్కినవారి వలెనే ఉన్నది. ఫలానా జాతివారి పిల్లలు పుట్టుకతోనే చెడ్డవారన్న మాటను ఆ పటం కొట్టివేసింది. ఇటువంటి మాటలు ఇక్కడా మనం వింటూ ఉంటాము కనుక దీనిని నొక్కి చెప్పుతున్నాము.

షా అంతటితో ఆగలేదు. ఒక బాలుని చేత తన జీవితకథను తన మాటలలోనే వ్రాయించి 1930లో ప్రకటించాడు. 1930ల మొదట్లో, ఆ పేటలలోనే స్థానికుల సంఘాలు ఏర్పరచే పని ప్రారంభించాడు. అదే షికాగో ఏరియా ప్రాజెక్టు. దానిలో నియమం ఒకటి ఉన్నది: పెత్తనం పేటవారిది, పట్టభద్రుడు సహాయకుడు మాత్రమే. ఆటస్థలాలు, వేసవి శిబిరాలు స్థానికులే నడిపారు. చిక్కులో పడిన పిల్లవానితో వీధి అరుగు మీద కూర్చుని మాట్లాడే మనిషిని ఆ వీధి నుంచే ఎంచుకున్నారు. ఇంత పని చేసిన షాకు గాని, మెకేకు గాని డాక్టరేటు పట్టం లేదు. ఇద్దరూ దానిని పూర్తి చేయలేదు. సిద్ధాంతగ్రంథాల పుటలు లెక్కపెట్టుకొనే మన విద్యార్థులు ఈ సంగతి ఒకసారి తలచుకోవచ్చు.

లోపం కూడ చెప్పాలి. ఆ సంఘాల వలన పిల్లల తప్పిదాలు ఎంత తగ్గాయో నిశ్చయంగా చూపటానికి తగిన పోలిక లేకపోయింది. సేవ ఉన్నది, అభిమానం ఉన్నది, కొలత చాలలేదు.

ఆ కొలత మన దేశంలోనే, బిహారులో, ఇటీవల చక్కగా జరిగింది. మధ్యలో ఒక చిన్న వంతెన ఉన్నది. షికాగో విశ్వవిద్యాలయంలో చదివిన క్లిఫర్డ్ మాన్షార్ట్ బొంబాయి నాగపాడాలో సేవాగృహం నడిపి, 1936లో దొరాబ్జీ టాటా పేర సాంఘిక సేవా పట్టభద్ర విద్యాలయానికి తొలి డైరెక్టరయినాడు. 1937లో ఆ విద్యాలయమే పిల్లల మానసిక చికిత్సాకేంద్రం తెరిచింది. అప్పటినుంచి మన సాంఘిక సేవా విద్యార్థులకు క్షేత్రకార్యం చదువులో భాగమే.

బిహారు సంగతి ఇది. నలందా జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను మూడు భాగాలు చేశారు. కొన్నింటిలో శిక్షణ పొందిన సామాన్య సలహాదారు, అనగా వైద్యుడు గాని ఉపాధ్యాయుడు గాని కాని మనిషి, పిల్లల మధ్య పనిచేశాడు. కొన్నింటిలో అదే కార్యక్రమాన్ని ఉపాధ్యాయునికే అప్పగించారు. మిగిలిన వాటిలో మామూలు పాఠాలే. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు వెలువడినాయి. సలహాదారు ఉన్న బడులలో పిల్లలు బడిని చూచే దృష్టి మెరుగయింది. దిగులు, తోటివారిని వేధించటం తగ్గినాయి. ఉపాధ్యాయులు నడిపిన బడులలో చెప్పుకోదగిన మార్పు లేదు. ఇది ఉపాధ్యాయులను తప్పుపట్టే మాట కాదు. చేతిలో మార్కుల పుస్తకం ఉన్న మనిషికి తన దిగులు చెప్పుకోవటానికి ఏ పిల్లవాడు సాహసిస్తాడు?

మన సంగతికి వద్దాము. 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ 12 రాష్ట్రాలలో నడిపిన జాతీయ సర్వేలో, 13 నుంచి 17 ఏండ్ల వారిలో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నదని తేలింది. ఆ 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన రోజులలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న వార్తలు మనం చదివాము. మార్కుల లెక్కలో జరిగిన పొరపాట్లను గురించి విచారణ జరిగింది, అది జరగవలసినదే. అయితే ఫలితాలకు ముందు రెండేండ్లు ఆ వయస్సువారు వసతి గృహాలలో ఎట్లా నిద్రపోతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఆదివారం ఇంటికి ఫోను చేసి ఏమి చెప్పకుండా దాస్తున్నారు అన్నది మార్కుల పట్టికలో దొరకదు.

దీనికి మనుష్యులు కావాలి. 1969లో ప్రారంభమయిన జాతీయ సేవా పథకం ప్రతి విశ్వవిద్యాలయానికీ తెలుసు. ఏడు రోజుల శిబిరం, ఊరిలో శుభ్రత, ఒక ప్రశ్నపత్రం, ఊరివారితో ఒక ఛాయాచిత్రం. ప్రశ్నపత్రాలు కట్టగట్టి పట్నం తీసుకుపోతారు. వాటిలో ఏమి తేలిందో ఊరివారికి తెలియదు. ఇది మాకు నచ్చని పని. మనస్తత్వ శాస్త్రం, సాంఘిక సేవ ఎమ్.ఏ. స్థాయిలో చదివేవారికి ఏడు రోజులు చాలవు. ఒకే వసతి గృహానికి సంవత్సరమంతా, వారానికి రెండు సాయంకాలాలు పోవాలి. మొదటి రెండు నెలలు ప్రశ్నపత్రం సంచిలోనే ఉండాలి. లెక్కలు చెప్పవచ్చు, బంతి ఆడవచ్చు. పిల్లలే ఏది తమను బాధిస్తున్నదో చెప్పిన తరువాత ప్రశ్నలు తయారుకావాలి.

దీనికి కట్టుబాట్లు కూడ ఉన్నాయి. తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదు, పిల్లవాని సమ్మతి కూడ కావాలి. పేర్లు బయటపడరాదు. విద్యార్థి వైద్యుడు కాడు; పైన అనుభవజ్ఞుడైన పర్యవేక్షకుడు ఉండాలి. బ్రతకాలని లేదని ఏ పిల్ల నోట వచ్చినా, అది రహస్యంగా దాచే మాట కాదు. ఆ రోజే పర్యవేక్షకునికి, పెద్దలకు తెలపాలి, ఆ పిల్లను ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరులో ప్రారంభమయిన టెలి మానస్ సహాయకేంద్రానికి 14416 సంఖ్యకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. శ్రోతలు ఈ సంఖ్యను గోడ మీద వ్రాసి ఉంచుకోవచ్చు.

సంవత్సరం చివర సిద్ధాంతగ్రంథం విశ్వవిద్యాలయానికి చేరకముందే, దాని సారాంశాన్ని ఆ వసతి గృహంలో, ఆ పిల్లల ఎదుట, తెలుగులో చదివి వినిపించాలి. ఇది నిజం కాదని వారు అన్న చోటును అన్నది అన్నట్లుగా ఒక పుటలో వ్రాసి గ్రంథంలో చేర్చాలి. పరీక్షకులు ముందుగా ఆ పుట తెరచి చూడాలని మా కోరిక.