దాటేసిన పాఠం



ఎనిమిదో తరగతిలో కౌమారదశ, పదో తరగతిలో ప్రత్యుత్పత్తి, గర్భనిరోధక పద్ధతులు పాఠాలుగా ఉన్నాయి. చాలాకాలం నేను వాటిని "ఇంట్లో చదువుకోండి" అని దాటేశాను. ఒకరోజు ఎనిమిదో తరగతి అమ్మాయి బట్టలపై రక్తం చూసుకుని, ఏదో పెద్ద జబ్బు చేసిందని వణికిపోయింది. తల్లి చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ తప్పు నాది.

ధర్మం తెలుసుకోవడానికి సిగ్గును అడ్డురానివ్వని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. 18 ఏళ్లలోపు పెళ్లి, గర్భం ఎందుకు ప్రమాదమో, ఎవరైనా చెడుగా తాకితే 1098కి ఫోన్ చేయాలని బడి చెప్పాలి. మనం చెప్పకపోతే సెల్‌ఫోన్ చెబుతుంది, వక్రంగా చెబుతుంది.

దాతలకు నా మనవి: ముందు తల్లులను పిలిచి మాట్లాడండి. నెలకోసారి ఆడపిల్లలకు లేడీ డాక్టరు, మగపిల్లలకు మగ డాక్టరు వచ్చి చెప్పే ఏర్పాటు చేయండి.