చేపల వేటకు అంబలి బుర్ర
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 సభ అనగానే భూమి, అడవి, హక్కుల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాల్సిందే. నన్ను మాత్రం మన తిండి గురించి చెప్పమన్నారు. అందుకని ఒక్క రోజు తిండి గురించే చెబుతాను. పాపికొండల దగ్గర గోదావరిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేపల వేటకు వెళ్ళేటప్పుడు, మా కొండరెడ్ల ఇంట్లో ఏం కట్టి ఇచ్చేవారో అది.

ముందురోజే అమ్మ చోడిపిండి నీళ్ళలో కలిపి పులియబెట్టేది. సాయంత్రం నూకలు ఉడుకుతుంటే ఆ పిండి పోసి, ఉండ కట్టకుండా కలియబెట్టేది. తెల్లారేసరికి చల్లారిన అంబలిలో నీళ్ళు, ఉప్పు కలిపి సొరకాయ బుర్ర నింపేది. మంచినీళ్ళకు ఇంకో బుర్ర. అడ్డాకు పొట్లంలో ఉల్లిపాయలు, ఎండుమిర్చి, ఉప్పు, చింతపండు. కూర కట్టేది కాదు. "కూర ఏట్లో ఉంది, పట్టుకుని తినండి" అనేది.

మధ్యాహ్నం ఇసుకతిన్నె దగ్గర దోనె ఆపేవాళ్ళం. పట్టిన జెల్లల్లో రెండు మూడు బాగుచేసి, ఉప్పూ కారం చింతపండూ పట్టించి, పచ్చి అడ్డాకుల్లో చుట్టి నిప్పుల్లో పెట్టేవాళ్ళం. చేప పడని రోజు ఉల్లిపాయే కూర.

ఎండలో చెమటతో పోయేది నీరూ, ఉప్పూ. అంబలిలో ఆ రెండూ ఉన్నాయి, ఆకలి తీర్చే పిండీ ఉంది. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మా అమ్మకు ఆ సంగతి తెలియదు, అంబలి సంగతి తెలుసు.

జీలుగు కల్లు మాటేమిటని కుర్రాళ్ళు నవ్వుతున్నారు. చెబుతా. తెల్లవారుజామున దింపినప్పుడు తియ్యగా ఉండే కల్లు, ఎండెక్కేకొద్దీ పులిసి మత్తెక్కుతుంది. అందుకే మా తాత దోనెలోకి కల్లు రానిచ్చేవాడు కాదు. వల ఇంటికి చేరాకే ముంత.

ఇప్పుడు మా ఊరు లేదు. పోలవరం ముంపులో పోయింది. కాలనీలో ఉంటున్నాం, ఏరు చూడాలంటే ఆటో ఎక్కాలి. పోయిన వేసవిలో మా మేనల్లుళ్ళిద్దరూ గాలాలు పట్టుకుని వెళ్ళారు. వెంట చిప్స్ ప్యాకెట్లు, రెండు కూల్‌డ్రింక్ సీసాలు. మధ్యాహ్నానికి సీసాలు ఖాళీ, దాహం మాత్రం తీరలేదు. పెద్దవాడు కళ్ళు తిరిగి గట్టు మీదే కూలబడ్డాడు. పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాయన నీడకు చేర్చి, తన గంజిలో ఉప్పు వేసి తాగిస్తే తేరుకున్నాడు.

"అంబలి పట్టుకెళ్ళొచ్చు కదరా" అని కేకలేశాను. వాడు నెమ్మదిగా, "మాకెప్పుడు పోసిచ్చావు మామా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఊరు నీళ్ళలో పోయింది, నిజమే. అంబలి మాత్రం నీళ్ళలో పోలేదు. దాన్ని వదిలేసింది నేనే.

ఆ వానాకాలం కొండ మీది చుట్టాల ఊరి నుంచి సొర విత్తనాలు తెచ్చి కాలనీ గోడ పక్కన పెట్టాను. కాయలు తీగ మీదే ముదరనిచ్చి, ఎండాక తొడిమ దగ్గర కోశాం. లోపల నీళ్ళు పోసి గుజ్జు కుళ్ళబెట్టి, గులకరాళ్ళు వేసి ఊపి, చేదు పూర్తిగా పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి కడిగాం. పొయ్యి మీద పొగలో ఆరబెట్టాం. నాలుగు బుర్రలు నిలిచాయి. ఒకటి పెద్ద మేనల్లుడిది. మొన్న వాడే అంబలి పోసుకుని ఏటికి వెళ్ళాడు. చేపలు పడలేదు, బుర్ర మాత్రం ఖాళీగా తెచ్చాడు.

ఈ సంచిలో ఉన్నవి ఆ కాయల విత్తనాలే. వెళ్ళేటప్పుడు ఇంటికి నాలుగు చొప్పున పట్టుకెళ్ళండి. బుర్ర అయ్యేదాకా ఆగక్కర్లేదు, రేపే స్టీలు క్యానులో అంబలి పోసి పిల్లలకివ్వండి.