ఎముక విరిగినపుడు మన కర్తవ్యము

(మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మేము వైద్యులము కాము. ధాన్యపు మండీ నడపుకొనువారము. మూటలు మోయువారి నడుములు, మెట్లు జారిన పెద్దల తుంటి ఎముకలు, చెట్లెక్కు పిల్లల చేతులు నిత్యము మా కంటబడుచుండుటచే ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయ సాహసించితిమి.

తమిళనాట తరతరములుగా నివసించుచున్న మన కుటుంబములలో ఎముక విరిగిన వెంటనే నోటికి వచ్చు మాట పుత్తూరు కట్టు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డపట్టీలతో వేయు ఆ కట్టు పేరు చిత్తూరు సీమ దాటి ఈ రాష్ట్రమంతట వ్యాపించినది. అట్టి పేరు ఊరక రాదు. ఎముకకు తనంతట తాను అతుకుకొను స్వభావము కలదు. సరిగా అమర్చి, కదలకుండ నిలిపినచో సామాన్యపు విరుగుళ్లు అనేకము నయమగును. బ్రిటనులో ఎముకల శస్త్రవైద్యమునకు పితామహుడని పేరొందిన హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) సైతము వేల్సు దేశపు కట్టువారి వంశమున పుట్టినవాడే. కట్టువాడైన తండ్రి తన కుమారులను వైద్యవిద్యకు పంపెను. ఆ కుమారుడు కల్పించిన తొడచట్రము మొదటి ప్రపంచయుద్ధమున ఎందరో సైనికుల ప్రాణములు కాపాడెను. కట్టునకును శాస్త్రమునకును వైరము లేదని ఆ తండ్రి గ్రహించెను. మనమును గ్రహింపవలెను.

ఇప్పుడు మా తప్పొకటి చెప్పుకొనెదము. కొన్ని యేండ్ల క్రిందట మా మండీలో మూటలు మోయువాని కుమారుడు, ఎనిమిదేండ్లవాడు, జామచెట్టునుండి పడి మోచేతికి పైన ఎముక విరుగగొట్టుకొనెను. "ఆసుపత్రి యేల? కట్టు కట్టించుము" అని పెద్దరికమున పైకమిచ్చి, పేటలోని ఒక కట్టువాని యొద్దకు పంపినది మేమే. కట్టు మిక్కిలి బిగువాయెను. పిల్లవాడు రాత్రియంతయు ఏడ్చెను. "ఎముక విరిగినచో నొప్పి యుండదా తల్లీ?" అని వాని తల్లికి ధైర్యము చెప్పినదియు మేమే. మరునాటి సాయంకాలమునకు వ్రేళ్లు చల్లబడి రంగు మారెను. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తితిమి. ఎముక అతికినది, లోని కండ చచ్చి వ్రేళ్లు ముడుచుకొనిపోయినవి. ఇప్పటికిని ఆ కుఱ్ఱవాడు కుడిచేత కలము పట్టలేడు. మా యెదుటికి వచ్చినపుడు ఆ చేతిని వెనుకకు దాచుకొనును.

దోషము పసరుది కాదు, బిగువుది, ఆలస్యముది. వాచిన చేతిలో రక్తప్రసారము ఆగినచో సుమారు 6 గంటలకే కండ చెడిపోవును. కావున నాటుకట్టు వేయించినను, ఆసుపత్రిలో పిండికట్టు వేయించినను వ్రేళ్లను గమనింపుడు. నొప్పి గంటగంటకు పెరుగుట, వ్రేళ్లు చాపినచో భరింపరానిదగుట, తిమ్మిరి, చల్లదనము, రంగు మారుట, వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. వెంటనే ఆసుపత్రిలో కట్టు విప్పింపవలెను.

మూడు సందర్భములందు నాటుకట్టు మాటయే తలపెట్టరాదు. మొదటిది, చర్మము చీలి ఎముక బయటపడుట. శుభ్రమైన గుడ్డ కప్పవలెనే గాని పసరు పూయరాదు. ఎముకను లోనికి త్రోయరాదు. రెండవది, మెడకు గాని వెన్నెముకకు గాని దెబ్బ తగులుట. అట్టివారిని లేపి కూర్చుండబెట్టక 108 బండిని పిలువవలెను. మూడవది, ముసలివారు జారిపడి లేవలేకపోవుట. తుంటి విరిగినచో కాలు పొట్టియై ప్రక్కకు తిరిగియుండును. "ఈ వయసున ఆపరేషనా?" అని మంచమున ఉంచినచో పుండ్లు, ఊపిరితిత్తుల వ్యాధి పైబడి ప్రాణము మీదికి వచ్చును. ఒకటి రెండు దినములలో శస్త్రచికిత్స జరిగినచో పలువురు మరల నడువగలరు.

ఎముకలకు, కీళ్లకు ఆర్థోపెడిక్ సర్జనును చూడవలెను. తెల్లవారి లేచునపుడు కీళ్లు వాచి చాలసేపు బిగిసియుండువారు రుమటాలజిస్టును చూడవలెను. చేతులకు చెన్నై స్టాన్లీ ఆసుపత్రిలో ప్రత్యేక విభాగమే కలదు. ఎముక అతికిన పిదప బిగిసిన కీలును సాగనిచ్చువారు ఫిజియోథెరపిస్టులు. వారి యొద్దకు పోక మానుటచే పలువురి భుజములు పైకి లేవకున్నవి. మూటలు మోయువారి నడుమునొప్పికి చాలవరకు కత్తి అక్కరలేదు. కాలు చచ్చుబడినను, మూత్రము వశము తప్పినను ఆ దినముననే చూపవలెను.

ఖర్చునకు జంకువారికొక మాట. రోడ్డు ప్రమాదములలో గాయపడినవారికి మొదటి 48 గంటల వైద్యము ఉచితముగా చేయించు పథకమును తమిళనాడు ప్రభుత్వము 2021లో ప్రారంభించినది. ఆసుపత్రిలో అడిగి తెలిసికొనుటకు సంకోచింపరాదు.

మన యిండ్లలో పెద్దల మాట ఇంకను చెల్లుచున్నది. మాట చెల్లువారికి బాధ్యత యెక్కువ. ఎవరైనను పడినారని తెలిసినచో ముందు ఎక్స్‌రే తీయించి, పిదప తక్కిన సలహాలు చెప్పుదుము గాక. ఆ కుఱ్ఱవాని చేతిని మేము తిరిగి ఇయ్యలేము. మఱియొక బిడ్డ చేయి మన మాటవలన చెడకుండునట్లు చూడగలము.

సెలవు.