మీట నొక్కిన మొదటి నిమిషం: తెలుగు లైవ్ వ్యవస్థను మనమే తయారుచేసుకుందాం



పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో రాశాడు, సామాన్యులు పాడుకోవడానికి వీలుగా. ఆయన పేరుతో ముడిపడిన పాలకుర్తి మన జనగామ జిల్లాలోదే. సామాన్యులకు అందేలా చెప్పాలన్న ఆ పట్టుదలే కంప్యూటర్ విషయంలోనూ కావాలి. స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ విడుదల చేసి ఇది సాధ్యమేనని చూపింది. బడి పిల్లల కోసం బాల స్వేచ్ఛ కూడా తెచ్చింది.

లైవ్ వ్యవస్థ అంటే హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది. మీట నొక్కగానే ముందు కంప్యూటర్‌లోని ఫర్మ్‌వేర్ (బయోస్ లేదా యూఈఎఫ్‌ఐ) లేచి బూట్‌లోడర్‌ను నడుపుతుంది. ఆ బూట్‌లోడర్ వ్యవస్థకు గుండెకాయ అయిన కెర్నల్‌నూ, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూటనూ ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. మూటలోని స్క్రిప్టులు స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఫైలును వెతికి పట్టుకుంటాయి. వ్యవస్థంతా అందులోనే కుదించి ఉంటుంది. దాన్ని చదవగలమే గాని దాని మీద రాయలేం. అచ్చు పుస్తకం మీద పల్చటి కాగితం పరచి రాసుకున్నట్టు, మన మార్పులన్నీ ర్యామ్‌లోని వేరే పొర మీద పడతాయి. అందుకే మధ్యలో కరెంటు పోయినా అసలు వ్యవస్థ చెడిపోదు. పిల్లల పని నిలవాలంటే మాత్రం పెన్‌డ్రైవ్‌లో పర్సిస్టెన్స్ అనే విభాగం పెట్టి, ఆ సంగతి బూట్ వరసలో, అంటే బూట్‌లోడర్ కెర్నల్‌కు అందించే సూచనల వరసలో, చెప్పాలి.

ఆ బూట్ వరసే మన చేతిలోని అసలు పనిముట్టు. డెబియన్ లైనక్స్ వాళ్ల లైవ్-బిల్డ్ అనే తయారీ ఉపకరణం వాడుతూ, భాష తెలుగు అనీ, సమయం ఆసియా/కోల్‌కతా అనీ అందులో రాసేస్తే ప్రతి కంప్యూటర్‌లోనూ వాటిని మళ్లీ ఎంచుకోవాల్సిన పని ఉండదు. అదే వరసలో టురామ్ అని చేరిస్తే వ్యవస్థంతా ర్యామ్‌లోకి చేరుతుంది. ర్యామ్ సరిపోతే పెన్‌డ్రైవ్ తీసి పక్క కంప్యూటర్‌కు పెట్టొచ్చు. తెలుగు ఫాంట్ ప్యాకేజీ మరిచిపోతే తెర నిండా డబ్బాలే కనిపిస్తాయి.

చిక్కంతా బూట్ మెనూ దగ్గరే. గ్రబ్ అనే బూట్‌లోడర్‌కు మన ఒత్తులనూ గుణింతాలనూ సరిగ్గా కూర్చే నేర్పు లేదు. అక్షరాలు విడివిడిగా పడి మాట చెడిపోతుంది. పాత కంప్యూటర్లలో వచ్చే ఐసోలైనక్స్‌దీ అదే ఇబ్బంది. దీనికి దారి ఉంది. తెలుగు సూచనలను బొమ్మగా గీసి మెనూ వెనకాల పెట్టండి. కొన్ని సెకన్లలో మెనూ తనంతట తానే ముందుకు సాగేలా గడువు పెట్టండి. నా దృష్టిలో ఇది అలంకారం కాదు. మొదటిసారి కూర్చున్న పిల్ల ఆ తెరను చూసి బెదిరితే, లోపల ఎంత మంచి తెలుగు ఉన్నా ఆమెకు అందదు.

పెన్‌డ్రైవ్ మీద రాసేముందు ఇమేజ్‌ను, అంటే వ్యవస్థంతా ఉన్న ఆ ఒక్క ఫైలును, క్యూఎమూ అనే ఎమ్యులేటర్‌లో నడిపి చూడండి. పాత బయోస్ కంప్యూటర్‌లోనూ, కొత్త యూఈఎఫ్‌ఐ కంప్యూటర్‌లోనూ విడివిడిగా పరీక్షించండి. ఒకదానిలో లేచింది కదా అని రెండోదాన్ని నమ్మవద్దు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి యువతకు నా విన్నపం ఒకటే. ఇమేజ్ తయారైతే దానితోపాటు మీ లైవ్-బిల్డ్ కాన్ఫిగ్ ఫోల్డర్‌నూ పంచండి. పక్క ఊరివాళ్లు అక్కడినుంచే పని అందుకుంటారు.